నింగిలోని అద్దమునకు నేలపై యజమాని యెవరు?

2025వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర టెలికాం శాఖవారు స్టార్‌లింక్ అను అమెరికా కంపెనీకి, ఉపగ్రహముల మూలమున మన దేశమందు ఇంటర్నెట్టు సేవ నడపుకొనుటకు అనుమతిపత్రము నొసగిరి. జులై 8వ తేదీని ఇన్‌స్పేస్ అను ప్రభుత్వాధికార సంస్థవారు, ఆ కంపెనీయొక్క మొదటి తరమునకు చెందిన 4,408 ఉపగ్రహములు భారతభూమికి సేవ చేయుటకు అయిదేండ్ల గడువుతో ఆమోదము తెలిపిరి. అంతకుముందే వన్‌వెబ్‌కును, జియో-ఎస్.ఇ.ఎస్. కూటమికిని టెలికాం శాఖవారి పత్రములు లభించియుండెను. పత్రికలు నెలసరి చందా యెంతయగునో, ఇంటిపై పెట్టు పళ్లెము ఖరీదెంతయగునో లెక్కలు వేసినవి. తరంగములను వేలముపాటన ఈయవలెనా, సర్కారు నిర్ణయించిన ధరకీయవలెనా యని కంపెనీలు తమలో తాము కలహించినవి. ఇవి వర్తకుల ప్రశ్నలు. వర్తకులు వానిని చర్చించుకొనుట సహజమే. పౌరుడు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. మన నెత్తిమీదుగా పరుగెత్తు ఆ యంత్రములకు ఆజ్ఞలిచ్చు చేయి ఏ నేలపై నున్నది? ఆ చేయి ఒకనాడు ముడుచుకొనినచో మనము చేయగలిగినదేమి?

మేము ఉపగ్రహసేవకు విరోధులము కాము. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడినప్పుడు విద్యుత్తు నిలిచి, టెలిఫోను సేవలు మూలబడి, తమవారి క్షేమవార్త తెలియక జనులు దినముల తరబడి తల్లడిల్లిరి. అట్టి వేళ నేలపై తీగెలతోడను స్తంభములతోడను పనిలేక ఆకాశమునుండి మాటను దింపగల సాధనము ప్రాణములు నిలుపును. పాడేరు, రంపచోడవరము కొండలలో తీగె లాగుట యెంత కష్టమో యెరిగినవారెవ్వరును దీనిని కాదనరు. ఈ సాధనము ప్రాణప్రదమైనది గనుకనే, ఆపద గడియలో దానిని తెరచియుంచు శక్తి మన చేతిలో నుండవలెనని మా వాదము. సర్కారువారు మూయు శక్తిని మాత్రము వ్రాయించుకొనిరి. తెరచియుంచు శక్తి మాట, ప్రకటితమైన నిబంధనలలో మాకు కానరాదు.

ఈ భేదము తేటపడవలెనన్న మొదటినుండి రావలెను. 1960వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీని అమెరికావారు ఎకో అను పేర ఒక పెద్ద బుడగను ఆకాశమునకు పంపిరి. నూరడుగుల వ్యాసము, ఉల్లిపొరవంటి ప్లాస్టిక్కు రేకు, దానిపై అల్యూమినియపు పూత. మాటను పట్టి బలపరచి పంపు యంత్రమేదియు అందు లేదు. సుమారు 1,600 కిలోమీటర్ల యెత్తున అది తిరుగుచుండగా, కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ నుండి వదలిన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు పలుకులు దానికి తగిలి న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో వినబడెను. అది అచ్చమైన అద్దము. అద్దమునకు శత్రుమిత్ర భేదము లేదు. ఎవరు తరంగము విసరినను తిరిగి విసరును. 1964లో పంపిన రెండవ బుడగ మూలమున ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకు నుండి సోవియట్ దేశములోని గోర్కీ ప్రాంతమునకు సంకేతములు పోయెను. ఒకరిపై నొకరు అణుబాంబులు గురిపెట్టుకొనియున్న రెండు పక్షములకును ఆ దినములలో ఒకే అద్దము పనికివచ్చెను. కాని దానిని పట్టి నిలుపు చేయి భూమిపై లేదు. సూర్యకాంతియొక్క ఒత్తిడి సయితము దానిని త్రోవ తప్పించుచుండెను. తరంగములు దశదిశల చెదరిపోగా గమ్యము చేరునది పిసరంత. మొదటి బుడగ 1968 మే నెలలో వాయుమండలమున పడి నశించెను.

బలము కావలెనని తర్వాత యంత్రమును పెట్టిరి. యంత్రముతోడనే ఆజ్ఞయు, ఆజ్ఞతోడనే యజమానియు వచ్చెను. 1962 జులై 10వ తేదీని ఎగసిన టెల్‌స్టార్ అను ఉపగ్రహము అట్లాంటిక్ సముద్రమునకు ఇరుదరులను టెలివిజను బొమ్మలతో కలిపెను. అంతకు ముందటి దినముననే అమెరికా సైన్యమువారు పసిఫిక్ సముద్రముపైన 400 కిలోమీటర్ల యెత్తున అణుబాంబు నొకదానిని ప్రేల్చి చూచుకొనిరి. ఆ ప్రేలుడువలన నింగినిండ వ్యాపించిన కణములు టెల్‌స్టార్ లోపలి సున్నితమైన భాగములను కాల్చివేసెను. నవంబరునాటికి, భూమినుండి వచ్చు ఆజ్ఞలను విడమరచుకొను భాగము చెడిపోయెను. 1963 జనవరిలో ఇంజనీర్లు ఏదో ఉపాయమున దానిని మేలుకొల్పిరి గాని, ఫిబ్రవరి 21వ తేదీతో అది శాశ్వతముగ నిలిచిపోయెను. మొదట చెడినది గొంతు కాదు, చెవి. క్రింది మాట వినలేని యంత్రము పైన నున్నను లేనట్లేయని నాడే తేలినది.

నేడు మన టెలివిజను ప్రసారములను, బ్యాంకుల లెక్కలను, తుపాను హెచ్చరికలను మోయు ఇన్‌శాట్, జీశాట్ ఉపగ్రహములు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచియున్నవి. భూమితో సమముగ దినమున కొక్కమారు తిరుగుటచే క్రిందినుండి చూచువానికి కదలనట్లుండును. కదలనట్లుండుట వాని స్వభావము కాదు. మనుష్యులు కదలకుండ ఉంచుచున్నారు. చంద్రసూర్యుల ఆకర్షణ వాని కక్ష్యను ఏటేట ముప్పాతిక డిగ్రీకి పైగా వంచును. భూమి నడుము సరియైన వృత్తము కాకుండుటచే తూర్పునకో పడమరకో లాగును. ఇందొక విచిత్రము గలదు. ఈ లాగుడునకు లోబడిన వస్తువు నిలుకడగా నుండు స్థానములు రెండే. అందొకటి తూర్పు 75 డిగ్రీల సమీపమున, మన దేశపు రేఖాంశముననే యున్నది. 83 డిగ్రీలయొద్ద మనము నిలిపిన ఉపగ్రహమును పట్టించుకొనక విడిచినచో అది మెల్లగా పడమరకు, ఆ పల్లమువైపు జారును.

జారకుండ చూచువారు కర్ణాటకములోని హాసన్ పట్టణమున 1982 నుండియు, భోపాలున 2005 నుండియు రేయింబవళ్లు కూర్చుండియున్నారు. ఉపగ్రహము పంపు వేడిమి, విద్యుత్తు, దిక్కు మున్నగు వివరములు చదువుచు, దూరము కొలుచుచు, వలసినప్పుడు దాని ప్రక్కనున్న చిన్న రాకెట్లను కొద్దిసేపు మండించి, అటు పదోవంతు డిగ్రీ ఇటు పదోవంతు డిగ్రీ, అనగా సుమారు 73 కిలోమీటర్ల చొప్పున గీచిన గిరి దాటనీయక కాపాడుదురు. భూమి నీడ దానిపై పడు దినములలో బ్యాటరీలమీద నడిపింతురు. ఒక ప్రక్క వేడెక్కినచో సరిచేయుదురు. ఇంధనము అడుగంటినప్పుడు మిగిలిన గుక్కెడుతో కొన్ని వందల కిలోమీటర్లు పైకి త్రోసి, ఇతర ఉపగ్రహముల దారికి అడ్డుపడకుండ సాగనంపుదురు. రాకెట్టు లేచు దినమున దేశమంతయు చప్పట్లు చరచును. తర్వాతి పది పదునైదేండ్లు వీరి మెలకువమీద గడచును. వీరి పేర్లు పత్రికలలో పడవు, మేమును వేయలేదు.

ఈ కాపలా తప్పినప్పుడేమగునో 2010లో ప్రపంచము చూచినది. గెలాక్సీ-15 అను అమెరికా ఉపగ్రహము ఆ ఏప్రిల్ నెలలో భూమినుండి వచ్చు ఆజ్ఞలకు బదులీయుట మానెను. చావలేదు, తన ప్రసారయంత్రములను మండించుకొనుచునే స్థానము వదలి జరుగుచు, పొరుగు ఉపగ్రహముల ప్రాంతములలోనికి చొరబడెను. దారిలోనున్నవారు తమ సేవలకు భంగము కలుగకుండ తొలగుచు, సర్దుకొనుచు కాలము గడిపిరి. డిసెంబరులో బ్యాటరీ పూర్తిగా ఖాళీయై, తనంతట తాను మరల తెలివి తెచ్చుకొన్నపిదపగాని అది అదుపునకు రాలేదు.

మన దేశము ఈ పాఠమును పుస్తకములలో చదివి నేర్వలేదు, అనుభవించి నేర్చినది. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జులై 31వ తేదీ వరకు, ఆంధ్రప్రదేశముతో గూడ ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ఉపగ్రహముద్వారా టెలివిజను వచ్చెను. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారమున తయారైన పెట్టెలు, కోడిగూడు తీగెవంటి అల్లికతో చేసిన పదడుగుల పళ్లెములు పల్లెలలో నిలిచెను. రైతు వ్యవసాయమును గురించి, తల్లి శిశుపోషణను గురించి తెలుగుమాటలలో వినిరి. పెట్టె మనది, పళ్లెము మనది, కథ మనది, అహమ్మదాబాదు నుండి పైకి పంపు కేంద్రము మనది. ఉపగ్రహము మాత్రము అమెరికావారి ఏ.టి.ఎస్.-6, దాని పగ్గములు వారివి. ఏడాది నిండినది. ఒప్పందము ప్రకారము వారు తమ ఉపగ్రహమును పడమటి దిక్కునకు తరలించుకొని పోయిరి. వారు మాట తప్పలేదు, ద్రోహము చేయలేదు. చెప్పినట్లే యిచ్చి చెప్పినట్లే తీసికొనిరి. అయినను ఆ మరునాటి సాయంకాలము గ్రామములో పెట్టె ముందు చేరినవారికి ఆకాశము నుండి బొమ్మ రాలేదు. ఎరువు సొమ్ము బరువుచేటని మన పెద్దలు ఊరక అనలేదు.

దాని పిదప 1981 జూన్ 19వ తేదీని ఆపిల్ అను మన ఉపగ్రహము దక్షిణ అమెరికాలోని కౌరూ నుండి ఐరోపావారి ఏరియాన్ రాకెట్టుపై ఎగసెను. లోహపు బండ్లవలన పరీక్షకు భంగము కలుగునని దానిని ఎడ్లబండిపై నెక్కించి పరీక్షించిన చిత్రమును చూచి కొందరు విదేశీయులు నవ్విరి. నవ్వనిండు. రాకెట్టు పరులదైనను, దానిని తుది కక్ష్యకు చేర్చు మోటారును మండించిన ఆజ్ఞ మన నెల్లూరు సముద్రతీరమందలి శ్రీహరికోట నుండి వెడలెను. రెండు సౌరఫలకములలో ఒకటి విచ్చుకొనలేదు. మనవారు ఆ కుంటి ఉపగ్రహమునే ఎండకు నీడకు త్రిప్పుకొనుచు రెండేండ్లకు పైగా పనిచేయించిరి. హాసన్‌లో కూర్చుండినవారికి ఆ విద్య అక్కడ పట్టుబడినది.

నష్టములు లేవని మేమనము. 1982 ఏప్రిల్‌లో ఎగసిన ఇన్‌శాట్-1ఏ దిక్కు తప్పి, ఇంధనమంతయు వ్యయమై, ఆ సెప్టెంబరులోనే పోయెను. 1997 అక్టోబరులో ఇన్‌శాట్-2డి విద్యుత్తు చెడి మూగవోగా జాతీయ స్టాకు ఎక్స్ఛేంజి వ్యాపారము సయితము స్తంభించెను. కక్ష్యలోనే యున్న అరబ్బుల ఉపగ్రహము నొకదానిని కొని, పేరు మార్చి, పగ్గములు హాసన్‌కు తెచ్చుకొని లోటు పూడ్చుకొంటిమి. 2018 మార్చి 29వ తేదీని శ్రీహరికోట నుండి ఎగసిన జీశాట్-6ఏ మూడు దినములలోపలనే మాట కలుపుట మానెను. ఇవన్నియు మన తప్పులు, మన దురదృష్టములు. మన తప్పును మనము విచారించి దిద్దుకొనగలము. అధికారిని నిలదీసి పార్లమెంటులో జవాబు రాబట్టగలము. పరుల నిర్ణయమునకు ఏ పార్లమెంటులో జవాబు రాబట్టుదుము?

2024 నవంబరు 19వ తేదీని మన జీశాట్-ఎన్2 అమెరికాలోని ఫ్లోరిడా నుండి, ఆ స్టార్‌లింక్ యజమానిదేయగు స్పేస్‌ఎక్స్ రాకెట్టుపై ఎగసెను. 4,700 కిలోగ్రాముల ఆ భారమును అంత దూరపు కక్ష్యకు మోయు శక్తి ఆనాడు మన రాకెట్టునకు లేకపోయెను. దీనిని సిగ్గుచేటని కొందరు వాపోయిరి. మాకట్లు తోచలేదు. విడిపోయిన మరుక్షణము నుండి దాని పగ్గములు హాసన్‌లో నున్నవి. బండి అద్దెకు తెచ్చుకొనవచ్చును. దీనికి విపర్యయముగా వన్‌వెబ్ కథను చూడుడు. 2022లో రష్యా పట్టుదలవలన ఆ కంపెనీ రాకెట్లు దొరకక చిక్కుపడగా, 2022 అక్టోబరులోను 2023 మార్చిలోను 72 ఉపగ్రహములను మన శ్రీహరికోట నుండి మనవారే ఎగురవేసిరి. భారతీయుల పెట్టుబడియు అందు గలదు. అయినను కక్ష్య చేరినతోడనే వాని నడక లండను కేంద్రముగా గల ఆ కంపెనీ చేతిలోనికి పోయినది. ఎగురవేసిన గాలిపటపు దారమును ప్రక్కవాని చేతికిచ్చి, ఎంత యెత్తు పోయినదో చూడుడని మనము సంబరపడితిమి.

ఇప్పుడు వచ్చుచున్న కొత్తరకపు అద్దములు హాసన్ ఉపగ్రహములవలె ఒకచోట నిలుచునవి కావు. స్టార్‌లింక్ ఉపగ్రహములు సుమారు 550 కిలోమీటర్ల యెత్తున, గంటన్నరకు కొంచెము మించిన కాలములో భూమి నొకమారు చుట్టివచ్చును. ఒక్కొక్కటి మన తలపై నుండునది కొన్ని నిమిషములే. ఒకటి పోవులోపల ఇంకొకటి అందుకొనవలెను. ఏది ఎప్పుడు ఏ ఊరివైపు కిరణమును త్రిప్పవలెనో నిర్ణయించు లెక్క యంతయు కంపెనీవారి యంత్రములలో జరుగును. అంతేకాక వీనిలో పెక్కింటికి ఒకదానితో నొకటి లేజరు కాంతిమూలమున మాటలాడుకొను శక్తి గలదు. కావున మన నేలపై నొక ద్వారకేంద్రము కట్టించితిమని ధైర్యపడుటకు వీలులేదు. తలచినచో మన గుమ్మము త్రొక్కకయే, వేల మైళ్ల యవతలనున్న గుమ్మముగుండ వారు మాటను దాటించుకొని పోగలరు.

ఇది ఊహ కాదు. 2024 డిసెంబరులో, మణిపురమున తమ పరికరములు అక్రమముగ వాడబడుచున్నవను వార్త వచ్చినప్పుడు, భారతదేశముపై తమ కిరణములు మూయబడియున్నవని కంపెనీ యజమాని ఎలాన్ మస్క్ లోకమునకు ప్రకటించెను. పాఠకులు ఈ మాటను నిదానించి చూడవలెను. మన ఆకాశమున దీపము వెలుగుచున్నదో ఆరియున్నదో అధికారముతో చెప్పగలిగినవాడు మన మంత్రి కాదు, ఆ వర్తకుడు. 2022లో యుక్రెయిన్ యుద్ధసమయమున, క్రిమియాలోని సెవస్తొపోల్ వరకు సేవను తెరువుమని ఆ దేశాధికారులు అత్యవసరముగ కోరగా తాను ఒప్పుకొనలేదని ఆయనయే 2023 సెప్టెంబరులో ఒప్పుకొనెను. అట్లు నిరాకరించుట ధర్మమా, అధర్మమా అను విచారణ మాకిప్పుడు వలదు. యుద్ధమును విస్తరింపనీయరాదని ఆయన చెప్పిన కారణము కొందరికి సబబుగనే తోచవచ్చును. మేమడుగునది, ఒక జాతియొక్క జీవన్మరణ సమయమున ఆ తీర్పు చెప్పు పీఠముపై ఒక వర్తకుడు ఎట్లు కూర్చుండెనని. ఎవరును ఎన్నుకొనలేదు, ఎవరును నియమింపలేదు. స్విచ్చి చేతిలో నుండుటయే ఆయనకు పట్టాభిషేకమైనది.

దొంగ చేతికి స్విచ్చి దొరకినచో నేమగునో ఆ యుద్ధపు మొదటి దినముననే, 2022 ఫిబ్రవరి 24వ తేదీని తెలిసినది. వయాశాట్ అను కంపెనీ భూమిపై నడపు యాజమాన్యపు వలలోనికి చొరబడినవారు, అక్కడనుండియే వేలాది ఇంటిపరికరములకు తప్పుడాజ్ఞలు పంపి వానిని పనికిమాలినవిగ చేసిరి. యుక్రెయిన్ మాత్రమే కాదు; దానితో సంబంధములేని జర్మనీలోని 5,800 గాలిమరలకు దూరపర్యవేక్షణ తెగిపోయెను. పైన ఉపగ్రహమునకు చీమ కుట్టినంత హానియు లేదు.

తంతులు సముద్రగర్భమున నడచిన కాలమునను ఇదే కథ జరిగినది. 1870లో బొంబాయి నుండి లండనుకు సముద్రపుతీగె పడినపుడు అది నాగరికతా సూత్రమని పొగడినవారుండిరి. ఆ సూత్రపు రెండవ కొసను పట్టుకొనినవారు దానితోడనే మన దేశమును ఏలుకొనిరి. 1914 ఆగస్టు 5వ తేదీని, యుద్ధము ప్రకటించిన కొద్ది గంటలలోనే, ఆంగ్లేయుల ఓడ యొకటి జర్మనీవారి సముద్రపుతీగెలను కోసివేసెను. అప్పటినుండి జర్మనీ వార్తలు ఆంగ్లేయులు పొంచి వినగల దారులవెంట పోవలసివచ్చెను.

ఇక మన ప్రభుత్వమువారేమి చేసిరో న్యాయముగ చెప్పవలెను. 2025 మే నెలలో వారు ప్రకటించిన రక్షణనిబంధనలు చులుకన చేయదగినవి కావు. మన దేశమువారి సమాచారము మన దేశమందే నిలువయుండవలెనని, సేవ దేశములోని ద్వారకేంద్రముల గుండనే సాగవలెనని, సరిహద్దులనుండి 50 కిలోమీటర్ల మేర ప్రత్యేకపు నిఘా యుండవలెనని, యుద్ధాది సమయములందు కోరినచోట సేవను నిలుపవలెనని, భూమిపై పరికరములలో అయిదవవంతు అయిదేండ్లలో స్వదేశపువి కావలెనని వ్రాసిరి. మంచిదే. కాని యివన్నియు వినుటకును మూయుటకును సంబంధించినవి. శత్రువు సరిహద్దు దాటినప్పుడు మనము మూయుమన్నచో కంపెనీ మూయును. అదే ఘడియలో ఆ కంపెనీని తన రాజధాని మూయుమన్నచో? ఐక్యరాజ్యసమితిలో 1967నాటి అంతరిక్ష ఒప్పందమున ఎనిమిదవ అధికరణము చదువుడు. ఆకాశవస్తువు ఏ దేశపు పట్టికలో నమోదైనదో ఆ దేశమునకే దానిపై అధికారమును, నియంత్రణమును ఉండునని స్పష్టముగ నున్నది. మన అనుమతిపత్రము ఢిల్లీ కాగితము. ఉపగ్రహము మాత్రము మన తలపై తిరుగునప్పుడును అమెరికా చట్టపు నీడలోనిదే. తాళము వేసితిని, గొళ్లెము మరచితిని అన్న సామెత యిచ్చట సరిగ అతుకును.

కొందరు మిత్రులు దీనికి బదులుగ, వర్తకుడు తన ఖాతాదారుని ఏల పోగొట్టుకొనును, లాభమే మనకు పూచీ కదా యందురు. శాంతికాలమున నిజమే. శాంతికాలమున ఏ తీగెయైనను పలుకును. ఈ వాదము చేయువారు తుపానునాటికి గొడుగు కొనకుండ ఎండనాటి అనుభవముతో తృప్తిపడువారు. మరికొందరు, మనకంత శక్తి లేదు, వేలకొలది ఉపగ్రహములు మనమెన్నడు ఎగురవేయుదుమని నిట్టూర్తురు. 1975లో మనకు ఒక్క వార్తా ఉపగ్రహమును లేదు. ఆరేండ్లకు ఆపిల్, ఏడేండ్లకు హాసన్. 2025 నవంబరు 2వ తేదీని 4,400 కిలోగ్రాములకు పైబడిన సి.ఎమ్.ఎస్.-03 శ్రీహరికోట నుండి మన రాకెట్టుపైననే ఎగసినది. శక్తి లేదనువారు లెక్క చూచి మాటలాడవలెను.

మా మాటను ఢిల్లీ సచివాలయమువారు తమకు అనుకూలముగ మార్చుకొనకుండ ఒకటి చెప్పవలసియున్నది. తాళపుచెవి విదేశీయుని చేతినుండి మన అధికారి చేతికి వచ్చినంతమాత్రమున స్వరాజ్యము వచ్చినట్లు కాదు. 2019 ఆగస్టులో జమ్మూ కాశ్మీరమున మూసిన ఇంటర్నెట్టు సేవలు పూర్తి వేగముతో తెరచుకొనుట 2021 ఫిబ్రవరిలో గాని జరుగలేదు. విద్యార్థి, వైద్యుడు, చిల్లరవర్తకుడు ఏడాదిన్నర కాలము సొంత ప్రభుత్వపు స్విచ్చి క్రింద మ్రగ్గిరి. 2020 జనవరి 10వ తేదీని సుప్రీముకోర్టువారు, గడువులేని మూసివేత చెల్లదని, మూయు ఉత్తరువులను బహిరంగముగ ప్రకటింపవలెనని తీర్పు చెప్పిరి. నేలమీది తీగెలనే అంత సులభముగ మూయు అలవాటుగల ప్రభుత్వమునకు, ఇప్పుడు ఆకాశమునకును అదే అధికారము సంక్రమించుచున్నది. రహస్యపు ఒప్పందములో, రహస్యపు ఉత్తరువుతో, కంపెనీయు సచివాలయమును గుసగుసలాడుకొని మూయు పద్ధతి వచ్చినచో, దారము ఏ కొసన ఎవరు పట్టుకొన్నను ఉరి పౌరుని మెడకే.

కావున మేము కోరునది విశదముగ వ్రాయుచున్నాము. కంపెనీలతో చేసికొన్న షరతులలో దేశరహస్యములు కానివానినన్నిటిని పార్లమెంటు బల్లపై నుంచవలెను. ఏ విదేశప్రభుత్వము ఆజ్ఞాపించినను, ముందుగ తెలుపక, మన సమ్మతి లేక, భారతభూమిపై సేవ ఉపసంహరించుటకు వీలులేదని షరతు వ్రాయించి, దానిని మీరినచో జప్తు చేసికొనదగిన హామీధనమును ముందే కట్టించుకొనవలెను. మన దేశముపై కిరణములను త్రిప్పు లెక్కలు నడచు కేంద్రము మన నేలపై నుండి, అందు మన ఇంజనీర్లు పని నేర్చుకొనవలెను. ఆసుపత్రులు, తుపాను హెచ్చరిక కేంద్రములు, రైళ్లు, సైన్యము ఏనాడును విదేశపు ఆజ్ఞపై నడచు ఒక్క సేవనే నమ్ముకొనరాదు. హాసన్ ఏలుబడిలోని మార్గమొకటి వానికి తప్పక ఉండవలెను. తక్కువయెత్తు ఉపగ్రహముల సొంత సమూహమును నిర్మించుటకు తేదీయు ధనమును నిర్ణయింపవలెను. మూయు ఉత్తరువు ఎవరు సంతకము చేయవలెనో, ఎన్ని దినములు చెల్లునో, ఎక్కడ ప్రకటింపవలెనో ఉపగ్రహసేవలకు గూడ చట్టముననే వ్రాయవలెను. అంతరిక్ష కార్యముల బిల్లు ముసాయిదాను 2017లో జనులముందు పెట్టిరి. 2023లో విధానము ప్రకటించిరి. విధానము చట్టము కాదు. మంత్రి మారినచో విధానము మారును.

స్టార్‌లింక్‌కు ఇన్‌స్పేస్ వారిచ్చిన ఆమోదపు గడువు 2030 జులైతో తీరును. కొనసాగింపు కోరి కంపెనీవారు నాటికి మరల ఢిల్లీ గుమ్మమునకు రావలసినదే. మన తెలుగునాటి పార్లమెంటు సభ్యులు ఆ దినమువరకు ఆగక, రాబోవు సమావేశముననే టెలికాం మంత్రిని నిలువబెట్టి ఒక్క ప్రశ్న అడుగవలెను. విశాఖపై మరియొక హుద్‌హుద్ విరుచుకుపడిన రాత్రి, ఆ పళ్లెములు పలుకునట్లు చేయుటకు మీరు ఎవరికి టెలిఫోను చేయుదురు? ఆ పేరు, ఆ ఊరు సభలో చెప్పుమనుడు.